బైకు మీద వీరుడు, టేపులో మనిషి

డానీ లయన్ 'ది బైక్‌రైడర్స్' 1968లో వెలువడింది. షికాగో కేంద్రంగా తిరిగిన 'అవుట్‌లాస్' అనే మోటారుసైకిలు క్లబ్బులో సభ్యుడిగా చేరి, వాళ్లతో పాటు తానూ బండి నడుపుతూ ఒక యువ ఛాయాచిత్రకారుడు తీసిన నలుపు తెలుపు బొమ్మల పుస్తకమది. తరువాతి అర్ధ శతాబ్దంలో అది ఒకటికి రెండుసార్లు పునర్ముద్రణ పొందింది. 2023లో జెఫ్ నికల్స్ దర్శకత్వంలో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. అమెరికన్ ఫోటోగ్రఫీ చరిత్ర రాసేవారు ఈ పుస్తకాన్ని దాటి పోవడం కష్టం.

అయినా దీనికి దక్కిన కీర్తిలో ఒక అన్యాయం ఉంది. అందరూ దీన్ని బొమ్మల పుస్తకంగానే తలచుకుంటారు. బొమ్మలతో పాటు అచ్చయిన మాటలను, ఆ క్లబ్బు మనుషులు టేప్ రికార్డర్ ముందు కూర్చుని చెప్పుకున్న సొంత కథలను, అనుబంధంగా భావించి పక్కన పెడతారు. నిజానికి ఈ పుస్తకం ఇంతకాలం నిలబడింది ఆ మాటల బలం మీదే. బొమ్మలు తిరుగుబాటును అందంగా చూపించాయి. ఆ అందానికి మూల్యం ఎవరు చెల్లించారో మాటలు చెప్పాయి.

ఇది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మోటారుసైకిలు మీది తిరుగుబాటుదారుడు అమెరికా ప్రజల ఊహలో స్థిరపడడానికి ఒక ఫోటో చేసిన సాయం తక్కువది కాదు. 1947 జులై మొదటి వారంలో, స్వాతంత్ర్య దినోత్సవ సెలవుల్లో, కాలిఫోర్నియాలోని హాలిస్టర్ అనే చిన్న ఊరికి పందాల కోసం బైకర్లు వేల సంఖ్యలో వచ్చారు. తాగారు, వీధుల్లో బళ్లు పరుగెత్తించారు, కొందరు అరెస్టయ్యారు. అదే నెల 21వ తేదీ నాటి 'లైఫ్' పత్రికలో ఒక ఫోటో పడింది. నేల నిండా బీరు సీసాలు. వాటి మధ్య నిలిపిన మోటారుసైకిలు మీద, చేతుల్లో సీసాలు పట్టుకుని, తూలుతూ కూర్చున్న ఒక భారీకాయుడు. దేశం దాన్ని చూసి ఉలిక్కిపడింది. ఆ సీసాలను ఫోటో కోసమే అక్కడ పోగు చేశారని, దగ్గర నిలబడి చూసిన మనిషి ఒకరు తరువాతి కాలంలో చెప్పారు. అప్పటికే ఆ బొమ్మ తన పని తాను చేసేసింది. 1953లో మార్లన్ బ్రాండో నటించిన 'ది వైల్డ్ వన్' సినిమాకు మూలం ఆ హాలిస్టర్ ఉదంతమే. ఆ సినిమా చూసిన కుర్రవాళ్లు బ్రాండోలాగా తోలు కోటు తొడిగారు, టోపీ వంచి పెట్టారు. అంటే మొదట బొమ్మ పుట్టింది. తరువాత మనుషులు ఆ బొమ్మను చూసి తమను తాము దిద్దుకున్నారు. బైకర్లను ఫోటో తీయబోయే ప్రతివాడికీ ఎదురయ్యే చిక్కు ఇదే. తన ఎదుట ఉన్నది మనిషా, మనిషి తొడుక్కున్న వేషమా?

లయన్ ఈ చిక్కులోకి వచ్చిన దారి విచిత్రమైనది. 1942లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వలస వచ్చిన యూదు వైద్యుడు. షికాగో విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతూండగా, 1962 వేసవిలో కెమెరా భుజాన వేసుకుని దారిన పోయే వాహనాలను ఆపి ఎక్కుతూ ఇలినాయ్ రాష్ట్రపు దక్షిణ కొసన ఉన్న కైరో పట్టణానికి వెళ్లాడు. అక్కడ నల్లజాతి యువకులు వర్ణవివక్షకు ఎదురు నిలిచి రోడ్డు మీద మోకరిల్లి ప్రార్థన చేస్తున్నారు. వారిలో జాన్ లూయిస్ ఒకడు. ఆ ఫోటో తరువాత పోస్టరై దేశమంతా తిరిగింది. విద్యార్థి అహింసా సమన్వయ సంఘానికి లయన్ తొలి ఫోటోగ్రాఫర్ అయ్యాడు. 1963లో జార్జియా రాష్ట్రం లీస్‌బర్గ్‌లో నల్లజాతి బాలికలను ఒక పాడుబడిన కట్టడంలో నిర్బంధించి ఉంచినప్పుడు, రహస్యంగా అక్కడికి చేరి కిటికీ ఊచల సందుల్లోంచి వాళ్లను ఫోటో తీసింది అతనే. వాళ్లెక్కడ ఉన్నారో, ఎలా ఉన్నారో లోకానికి తెలియడంలో ఆ బొమ్మల పాత్ర ఉంది.

అలాంటి మనిషి రెండేళ్లు తిరిగేసరికి మోటారుసైకిలు క్లబ్బులో ఎందుకు చేరాడు? పైకి చూస్తే ఇది ధర్మయుద్ధం వదిలి జాతరకు వెళ్లినట్టు ఉంటుంది. కాని లయన్ పద్ధతి మారలేదు. ఉద్యమంలోనూ అతను బయటి విలేకరిగా లేడు, ఉద్యమకారుల పక్కన నడిచాడు, వాళ్లతో పాటు జైలు చూశాడు. క్లబ్బులోనూ అంతే. ట్రయంఫ్ బండి నడిపాడు, క్లబ్బు రంగులు ధరించాడు, వాళ్ల బార్లలో కూర్చున్నాడు. హెల్స్ ఏంజెల్స్ ముఠాతో కలిసి తిరిగి వాళ్ల మీద పుస్తకం రాస్తున్న హంటర్ థాంప్సన్ అతనికి ఒక ఉత్తరం రాశాడు. క్లబ్బులో చేరవద్దన్నాడు, హెల్మెట్ పెట్టుకోమన్నాడు. లయన్ క్లబ్బులో చేరాడు, హెల్మెట్ మాత్రం అరుదుగా పెట్టుకున్నాడు. ఆ ఏంజెల్స్‌తో తిరిగిన అనుభవంతో థాంప్సన్ చెప్పిన మాట అది. వినకపోవడం లయన్ ప్రాణానికి మంచిది కాకపోవచ్చు కాని పుస్తకానికి మంచిదైంది.

ఆ చేరువ బొమ్మల్లో కనబడుతుంది. 1966లో లూయీవిల్ దగ్గర ఒహాయో నది దాటుతుండగా తీసిన ఫోటో చూడాలి. వంతెన మీద పరుగెడుతున్న బండి, దాని మీద తల వెనక్కి తిప్పి చూస్తున్న యువకుడు, గాలికి చెదిరిన జుట్టు. రోడ్డు పక్కన నిలబడినవాడికి ఈ బొమ్మ దొరకదు. పక్కనే మరో బండి మీద అదే వేగంతో పోతున్నవాడికే దొరుకుతుంది. బురద పందాల బొమ్మలు, బార్లలో బిలియర్డ్స్ ఆడే బొమ్మలు, డెట్రాయిట్‌లో రెనిగేడ్ అనే మారుపేరు గల సభ్యుడి అంత్యక్రియల బొమ్మలు, అన్నిటికీ ఆ లోపలి చూపు ఉంది. వీటిలో హాలిస్టర్ సీసాల కుప్ప లేదు. మనుషులు ఎదుటివాడి కోసం కాక తమ కోసం తాము ఉన్నట్టు ఉన్నారు.

అయినా ఆ బొమ్మలకూ ఒక లక్షణం తప్పలేదు. అవి అందంగా ఉన్నాయి. నలుపు తెలుపులో తోలు కోటు మెరుస్తుంది, పొగ మబ్బులాగా పరుచుకుంటుంది, అలసిన ముఖం పురాణపురుషుడి ముఖమవుతుంది. అమెరికన్ బైకరు జీవితాన్ని నమోదు చేసి కీర్తించడమే తన ఉద్దేశమని లయన్ ముందుమాటలోనే దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. కీర్తన కెమెరా చేసింది. నమోదు చేసే పని టేప్ రికార్డర్‌కు మిగిలింది.

కాథీ మాటలు దీనికి తొలి సాక్ష్యం. ఆమె క్లబ్బు సభ్యుడు బెన్నీ భార్య. స్నేహితురాలు రమ్మంటే ఒకనాటి రాత్రి క్లబ్బువాళ్లు ఉండే బారుకు వెళ్లింది. అక్కడి మనుషులను చూసి భయపడి బయటపడాలనుకుంది. బెన్నీ కంటబడ్డాడు. కొన్ని వారాలకే పెళ్లయింది. ఆ తరువాత తను చూసిన జైళ్లు, ఎక్కిన కోర్టు మెట్లు, కలిసిన లాయర్లు ఎందరో, ఎన్నో ఆమె ఏకరువు పెడుతుంది. ఆ చెప్పడంలో ఏడుపు లేదు, ఆరోపణ లేదు. ఇరుగుపొరుగుతో గోడ మీదుగా మాట్లాడుతున్నట్టు, నవ్వుతూ, విసుక్కుంటూ, ఒక మాటను మరో మాటతో సరిదిద్దుకుంటూ చెబుతుంది. బండి మీద గాలిలో తేలిపోయేవాడు ఇంటికి ఎప్పుడొస్తాడో, ఏ ఎముక విరగ్గొట్టుకుని వస్తాడో ఎదురు చూసే మనిషి ఒకరుంటారని ఆమె గొంతు వల్ల తెలుస్తుంది. ఒహాయో వంతెన మీది యువకుడు స్వేచ్ఛగా కనిపించేది, ఆ స్వేచ్ఛకయ్యే ఖర్చు ఆ బొమ్మ చట్రంలో పట్టలేదు గనుక.

జిప్‌కో మాటలు రెండవ సాక్ష్యం. చూడడానికి ఇతనంత కట్టుతప్పిన మనిషి క్లబ్బులోనే లేడు. కాని అతను చెప్పుకున్నది, సైన్యంలో చేరాలని ఉబలాటపడి వెళితే అక్కడివాళ్లు పనికిరావని తిప్పి పంపిన కథ. వియత్నాం యుద్ధం ముదురుతున్న రోజులవి. చదువుకున్న యువకులు సైన్యంలో చేరకుండా తప్పించుకునే దారులు వెదుకుతుంటే, సమాజాన్ని ధిక్కరించాడని అందరూ అనుకునే మనిషి ఆ సమాజపు యూనిఫారం కోసం ఆరాటపడ్డాడు. అది దక్కక క్లబ్బు కోటు తొడిగాడు. ఈ సంగతి ఏ ఫోటో చెప్పగలదు? జిప్‌కో ముఖం ఎంత దగ్గరగా తీసినా అందులో ధిక్కారమే కనిపిస్తుంది. గెంటివేతకు గురైనవాడి దుఃఖం అతను నోరు విప్పితేనే బయటపడుతుంది.

ఎక్స్‌రే చూసి ఏ ఎముక విరిగిందో చెప్పవచ్చు. ఎలా విరిగింది, ఎంతకాలంగా నొప్పి, ఇంట్లో ఎవరున్నారు అన్నవి రోగి చెప్పాలి, వైద్యుడు వినాలి. ఎక్స్‌రేను గోడకు తగిలించి రోగిని ఇంటికి పంపేసే వైద్యుడు ఎంత అసంపూర్ణుడో, మనిషి ముఖాన్ని తీసుకుని మాటను వదిలేసే ఛాయాచిత్రకారుడూ అంతే అసంపూర్ణుడు. లయన్ ఏళ్ల తరబడి బరువైన టేప్ రికార్డర్ మోసుకు తిరిగింది ఈ సంగతి తెలిసే అయివుండాలి. వ్యాకరణం తప్పిన వాక్యాలను దిద్దకుండా, తడబాట్లను తీసేయకుండా అచ్చు వేయడంలో ఒక మర్యాద ఉంది. కీర్తించదలచినవాడే తన కీర్తనను ఖండించే సాక్ష్యాలను అదే పుస్తకంలో చేర్చాడు. అక్కడే 'ది బైక్‌రైడర్స్' తక్కిన తిరుగుబాటు ఫోటో పుస్తకాల నుంచి వేరుపడింది.

ఆ తేడా ఎంతటిదో చూడాలంటే, లయన్ పుస్తకం వచ్చిన ఏడెనిమిదేళ్లకు, మరో తరం, ఇంకా చిన్న చక్రాల మీద చేసిన తిరుగుబాటు బొమ్మలను దీని పక్కన పెట్టాలి. 1970ల మొదట్లో స్కేట్‌బోర్డులకు యూరిథేన్ చక్రాలు వచ్చాయి. అంతకు ముందున్న మట్టి చక్రాలు నేలను పట్టుకోలేక జారిపోయేవి. ఇవి పట్టుకున్నాయి. లాస్ ఏంజెలెస్ నగరపు పడమటి తీరాన, శాంటా మోనికా, వెనిస్ ప్రాంతాల పేదవాడల్లోని కుర్రవాళ్లు కెరటాల మీద సర్ఫింగ్ చేసినట్టే కాంక్రీటు మీద వంగి, చేత్తో నేలను తాకుతూ తిరగడం మొదలుపెట్టారు. 1976, 1977 సంవత్సరాల్లో కాలిఫోర్నియాను కరువు పట్టి ఈతకొలనులు ఎండిపోయినప్పుడు, గోడలు దూకి, యజమానులు లేని వేళ ఆ ఖాళీ కొలనుల్లో చక్రాలు తిప్పారు. పోలీసులొస్తే పరుగెత్తారు.

వీళ్లకూ ఛాయాచిత్రకారులు దొరికారు. క్రెయిగ్ స్టీసిక్ వాళ్ల జెఫర్ జట్టు వెనకున్న సర్ఫింగ్ దుకాణపు భాగస్వాముల్లో ఒకడు. 1975 నుంచి 'స్కేట్‌బోర్డర్' పత్రికలో మారుపేర్లతో వ్యాసాలు రాస్తూ, తానే బొమ్మలు తీస్తూ, 'డాగ్‌టౌన్' అనే పేరును లోకప్రసిద్ధం చేశాడు. గ్లెన్ ఫ్రీడ్‌మన్ వాళ్ల ఈడువాడే. పద్నాలుగేళ్లకే అతని ఫోటోలు అదే పత్రికలో అచ్చయ్యాయి. లయన్ తరానికి చెందిన హ్యూ హాలండ్ మాత్రం బయటివాడు. సినిమా నెగెటివ్ ఫిలిం వాడి, సాయంకాలపు ఎండలో, 1975 నుంచి 1978 దాకా ఆ పిల్లలను రంగుల్లో తీశాడు. ఆ ఫోటోలు 2010లో 'లోకల్స్ ఓన్లీ' అనే పుస్తకంగా వచ్చాయి. బంగారు జుట్టు, కమిలిన మోకాళ్లు, చొక్కా లేని వీపులు, తేనెరంగు వెలుగు. చూసినకొద్దీ చూడాలనిపించే పుస్తకం.

కాని ఆ పిల్లలు ఏం మాట్లాడుకునేవారు? సాయంత్రం ఎండ తగ్గాక ఏ ఇళ్లకు పోయేవారు? హాలండ్ బొమ్మల్లో జవాబు లేదు. స్టీసిక్ రాతల్లో మాటలున్నాయి, కాని అవి స్టీసిక్ మాటలు. కుర్రవాళ్లను యోధులుగా నిలబెట్టిన వీరగాథ అది. వాళ్ల సొంత గొంతులు విస్తృతంగా వినిపించడానికి పాతికేళ్లు పట్టింది. ఆ జట్టులోని స్టేసీ పెరాల్టా 2001లో 'డాగ్‌టౌన్ అండ్ జీ-బాయ్స్' అనే డాక్యుమెంటరీ తీసినప్పుడు, నడివయసుకు చేరిన ఆ కుర్రవాళ్లు కెమెరా ముందు కూర్చుని చెప్పారు. జట్టులో ఏకైక అమ్మాయి పెగ్గీ ఓకీ చెప్పింది. అందరిలోకీ ప్రతిభావంతుడని పేరుబడ్డ జే ఆడమ్స్ కూడా మాట్లాడాడు. మాదకద్రవ్యాల వల్ల, జైలు వల్ల చెదిరిన అతని జీవితాన్ని ఆ గొంతు విన్నాక, పదిహేనేళ్ల వయసులో అతను నవ్వుతూ గాలిలోకి లేచిన ఫోటోలను మునుపటిలాగా చూడడం సాధ్యం కాదు. ఆ డాక్యుమెంటరీకి డబ్బు పెట్టింది వాన్స్ బూట్ల కంపెనీ.

ఆ చివరి వాక్యం ఎత్తిపొడుపు కోసం రాసింది కాదు. మాట లేని బొమ్మకు పట్టే గతి అది. గొంతు తోడు లేని ధిక్కారాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. తోలు కోటు దుస్తుల దుకాణానికి చేరింది. ఖాళీ కొలను ప్రకటనలకు నేపథ్యమైంది. గోడ దూకితే పోలీసులు తరిమిన ఆట 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పతకాల పట్టికకెక్కింది. అమెరికా శివారుల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల చొక్కాల మీద కూడా స్కేట్‌బోర్డు కంపెనీల గుర్తులుంటాయి. ఆ చొక్కాలు కొనిచ్చేది తల్లిదండ్రులే. ఆట పిల్లలందరికీ అందుబాటులోకి రావడం మంచిదే. అయితే కాథీ ఏకరువు పెట్టిన కోర్టుల కథను ఏ చొక్కా మీదా అచ్చు వేయలేరు. జిప్‌కో భంగపాటుతో ఏ బూటూ అమ్ముడుపోదు. అమ్మకానికి లొంగనిది ఆ పుస్తకంలో ఏదైనా ఉంటే అది ఆ మాటల్లోనే ఉంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ఫోటోకు వ్యాఖ్యానం అవసరమైతే అది ఫోటో వైఫల్యమేనని నమ్మే విమర్శకులున్నారు. వాళ్ల వాదంలో కొంత నిజముంది. ఒహాయో వంతెన బొమ్మకు కింద ఒక్క అక్షరం రాయనక్కరలేదు. కాని లయన్ చేర్చినవి వ్యాఖ్యానాలు కావు. బొమ్మను వివరించే పని కాథీ చేయలేదు. దానితో ఆమె వాదనకు దిగింది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. టేపులో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో నిర్ణయించింది లయనే కదా, అప్పుడు ఆ మాటలు మాత్రం నిష్కల్మషమైనవని ఎలా అనగలం? అనలేం. కాని కూర్పరి చేతిలో పడ్డాక కూడా మనిషి మాటకు ఒక మొండితనం ఉంటుంది. కోతల్లోంచి, కుదింపుల్లోంచి కూడా అది తన వైరుధ్యాన్ని బయటపెట్టుకుంటుంది. భర్తను తిడుతూనే ప్రేమించే భార్యను, తిరగబడుతూనే యూనిఫారం కోరుకునే మనిషిని కల్పించడం కీర్తన రాసుకుందామని కూర్చున్నవాడి వల్ల అయ్యే పని కాదు.

మూడో అభ్యంతరాన్ని మాత్రం అంత సులువుగా దాటిపోలేం. ఆనాటి బైకర్లలో జర్మన్ సైనిక చిహ్నాలు ధరించడం ఒక వేడుక. జనాన్ని ఉడికించడానికే అని సమర్థించుకునేవారు. క్లబ్బులో తన చివరి రోజుల్లో ఒక సభ్యుడు పెద్ద నాజీ జెండాను నేల మీద పరిచి దాని మీద బీర్లు పెట్టబోతే తనకూ అతనికీ పెద్ద గొడవైందని, వీళ్లలో కొందరు తను ఊహించుకున్నంత గొప్పవాళ్లు కారని అప్పటికి తెలిసివచ్చిందని, లయన్ దశాబ్దాల తరువాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. జర్మనీ విడిచి వచ్చిన యూదు తండ్రి కొడుకు, జాన్ లూయిస్‌తో ఒకే గదిలో కాపురమున్న స్నేహితుడు, ఆ జెండా పక్కన నిలబడ్డ క్షణం అది. పుస్తకమంతటికీ అదే కీలకమైన క్షణం కావలసింది. కాని 1968 నాటి ముందుమాటలో వినిపించేది కీర్తనే. లోపలివాడిగా ఉండడం వల్ల దొరికిన చేరువకు లయన్ చెల్లించిన ధర ఆ మౌనం. కాథీని, జిప్‌కోను నిర్భయంగా మాట్లాడనిచ్చినవాడు తన గొంతును మాత్రం తానే నొక్కుకున్నాడు. ఈ పుస్తకంలో లోటంటూ ఉంటే ఇదే. ఆ లోటు కూడా బొమ్మది కాదు, మాటది.

ఆ పాఠం లయన్ నేర్చుకున్నట్టే ఉంది. క్లబ్బు వదిలాక అతను టెక్సస్ జైళ్లలో పధ్నాలుగు నెలలు పనిచేశాడు. 1971లో వచ్చిన 'కాన్వర్సేషన్స్ విత్ ది డెడ్' ఆ పని ఫలితం. అందులో ఫోటోలతో సమానంగా ఖైదీల ఉత్తరాలు, జైలు రికార్డులు, బిల్లీ మెక్యూన్ అనే ఖైదీ గీసిన బొమ్మలు, రాసుకున్న రాతలు ఉన్నాయి. అక్కడ కీర్తన లేదు. మొదటి పుస్తకంలో టేపుకు దక్కిన చోటు రెండో పుస్తకంలో ఇంకా విశాలమైంది. నికల్స్ సినిమా కూడా తెలివిగా ఈ దారే పట్టింది. క్లబ్బు పేరు మార్చి 'వాండల్స్' అన్నా, కథను మాత్రం కాథీ చేతే చెప్పించింది. మైక్ పట్టుకుని ఆమె ఎదుట కూర్చుని వినే యువకుడిగా లయన్‌ను ఒక పాత్ర చేసింది. బైకుల మీద తిరిగే అందగాళ్ల కథను ఉతికిన బట్టల మధ్య కూర్చున్న ఒక స్త్రీ నడిపిస్తుంది.

తిరుగుబాటును ఫోటో తీయడం పెద్ద కష్టం కాదు. అది తనంతట తానే కెమెరా ముందుకొచ్చి నిలబడుతుంది. తిరగబడ్డవాడు ఇంటికి వెళ్లాక ఏమవుతాడో, తలుపు తీసేది ఎవరో తెలుసుకోవడానికి ఓపిక కావాలి. 'ది బైక్‌రైడర్స్'ను మళ్లీ చేతిలోకి తీసుకునేవారు ముందుగా మాటలు చదివి, తరువాత బొమ్మలు చూడడం మేలు. అప్పుడు ఒహాయో వంతెన మీది ఆ యువకుడు అంత అందంగానూ ఉంటాడు. కాని అతను వెనక్కి తిరిగి దేన్ని చూస్తున్నాడన్న ప్రశ్న చదువరి మనసులో మొదటిసారి పుడుతుంది.